ఊపిరికి కాపలా కాసే బ్యాటరీ

విజ్ఞానశాస్త్రం మానవజాతికి ప్రసాదించిన వరాలలో కృత్రిమ శ్వాసయంత్రం ఒకటి. తనంతట తాను ఊపిరి తీసుకోలేని రోగికి ఆ యంత్రమే ఊపిరితిత్తులై ప్రాణాన్ని నిలుపుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా మహమ్మారి విజృంభించినప్పుడు 'వెంటిలేటర్' అనే మాట పల్లెపల్లెకూ పాకింది. ఏ ఆసుపత్రిలో ఎన్ని వెంటిలేటర్లున్నాయని అందరూ అడిగారు. కాని కరెంటు పోయిన క్షణంలో ఆ యంత్రాన్ని నడిపించేదేమిటని అడిగినవారు బహు తక్కువ. అడగవలసిన ప్రశ్న అదేనని మా అభిప్రాయం.

ఆసుపత్రిలో విద్యుత్తు ఆగితే జనరేటర్ అందుకోవటానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో రోగి శ్వాసను నిలిపేది యంత్రం లోపలి బ్యాకప్ బ్యాటరీ. రోగిని శస్త్రచికిత్స గదికో, స్కానింగు గదికో తరలించేటప్పుడు కూడా అదే ఆధారం. అయితే బ్యాటరీ కూడా మనిషివలెనే వృద్ధాప్యం పొందుతుంది. వాడినా వాడకున్నా దానిలోని రసాయనాల శక్తి క్రమంగా క్షీణిస్తుంది. వేడి ప్రదేశాలలో ఆ క్షీణత మరింత త్వరితం. ఇంటిలోని ఇన్వర్టర్ నిండుగా ఛార్జి అయినట్లు దీపం వెలిగించి చూపుతూనే, కరెంటు పోయిన పది నిమిషాలకే చేతులెత్తేయటం మనందరికీ అనుభవమే. ఇంటిలో అది చీకటితో పోతుంది. ఆసుపత్రిలో ప్రాణంతో పోతుంది.

ఇది కేవలం ఊహ కాదు. 2015-16 సంవత్సరాలలో డ్రేగర్ సంస్థ తయారుచేసిన ఎవిటా వి 500, బేబీలాగ్ వి.ఎన్. 500 అనే వెంటిలేటర్ల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రీకాల్ ప్రకటన వెలువరించింది. వీటిలో రెండవది నవజాత శిశువుల కొరకు ఉద్దేశించినది. వాటికి అదనంగా అమర్చే పి.ఎస్. 500 అనే విద్యుత్ పరికరంలోని బ్యాటరీ, తగినంత ఛార్జి ఉన్నట్లు సూచిక చూపుతుండగానే, అనుకున్నదానికంటే ఎంతో ముందుగా ఖాళీ అయిపోయింది. హెచ్చరించవలసిన అలారం కూడా మ్రోగలేదు. తిరిగి 2022లో జి.ఇ. హెల్త్‌కేర్ సంస్థకు చెందిన కేర్‌స్కేప్ ఆర్ 860, ఎంగ్‌స్ట్రామ్ శ్రేణి వెంటిలేటర్ల బ్యాకప్ బ్యాటరీలు ముందుగానే అయిపోయే ప్రమాదమున్నదని మరొక రీకాల్ వెలువడింది. పాతవాటి స్థానంలో అమర్చిన బ్యాటరీలు సైతం ఆ ప్రకటనలో చేరి ఉన్నాయి.

ఈ రెండింటినీ మొదటి తరగతి రీకాల్‌గా, అనగా తీవ్రమైన హాని గాని మరణం గాని సంభవించగల ప్రమాదంగా, ఆ సంస్థ వర్గీకరించింది. బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోవటం సహజం, క్షమించదగినది. అయిపోతూ కూడా 'నేనున్నాను' అని చెప్పటమే అసలు ప్రమాదం. లేదని తెలిస్తే నర్సు మరొక మార్గం చూసుకుంటుంది. ఉన్నదని నమ్మినప్పుడు ఆమె చేయి మరొక పనిమీద ఉంటుంది.

రీకాల్ అనగానే యంత్రాలన్నిటినీ లారీలకెక్కించి వెనక్కు పంపటమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. తరచుగా లోపాన్ని ప్రకటించటం, వాడేవారికి జాగ్రత్తలు తెలపటం, భాగాన్ని మార్చటం లేదా సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దటం కూడా రీకాల్ కిందికే వస్తాయి. కనుక రీకాల్ అంటే అపకీర్తి అని మేము అంగీకరించము. లోపాన్ని పట్టుకుని లోకానికి చెప్పగల వ్యవస్థ అక్కడ ఉన్నదనటానికి అది నిదర్శనం. ఏ ప్రకటనా వెలువడని చోట లోపాలు లేవనుకోవటం భ్రమ.

మరి మన దేశం మాట ఏమిటి? వైద్య పరికరాల నియమాలు 2017లో రూపొంది 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నిటినీ చట్ట పరిధిలోకి తెచ్చారు. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయటానికి ఘజియాబాద్‌లోని భారత ఔషధ సంహిత కమిషన్‌లో 2015 జూలై 6న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ప్రారంభమయింది. వైద్యులే కాదు, నర్సులు, సాంకేతిక సిబ్బంది, రోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చును. చట్టం ఉన్నది, ద్వారం తెరిచే ఉన్నది. కాని ఆ ద్వారం ఎక్కడున్నదో వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు తెలియనంతవరకు అది గోడతో సమానమే.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు భారతాలలో విద్యుత్ వ్యవస్థ కుప్పకూలి కోట్లాది ప్రజలు చీకటిలో మగ్గారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసింది. కరెంటు ఎన్నడూ పోదన్న ధీమాతో జీవించగల దేశం కాదు మనది.

లోపాలను బహిరంగపరిస్తే రోగుల బంధువులు భయపడతారని, ఆసుపత్రులకు చెడ్డపేరు వస్తుందని కొందరంటారు. ఈ వాదనలో కొంత సత్యమున్నది. అయినా తెలిసి కలిగే భయం జాగ్రత్తకు దారి తీస్తుంది, తెలియక కలిగే ధైర్యం శ్మశానానికి దారి తీస్తుంది. చిన్న ఆసుపత్రులు ఈ ఖర్చు భరించలేవన్నది మరొక ఆక్షేపణ. లక్షల విలువైన యంత్రాన్ని కొనగలిగినవారు దాని బ్యాటరీని సకాలంలో మార్చలేమనటం, మేడ కట్టి తలుపు బిగించలేమనటం వంటిది.

చేయవలసినవి ఘనకార్యాలేమీ కావు. ప్రతి బ్యాటరీ మీద అమర్చిన తేదీ వ్రాయాలి. సూచికను నమ్మి ఊరుకోక, రోగికి తగిలించి లేని సమయంలో ప్లగ్గు తీసి, యంత్రం నిజంగా ఎంతసేపు నడుస్తున్నదో గడియారం పెట్టి చూడాలి. రీకాల్ ప్రకటనలను గమనించే బాధ్యతను ప్రతి ఆసుపత్రిలో ఒకరికి అప్పగించాలి. ప్రభుత్వం ఆ ప్రకటనలను ప్రజలకు తెలిసిన భాషలలో, మన ప్రాంతంలో తెలుగులోను ఉర్దూలోను, ప్రకటించాలి. ప్రతి వెంటిలేటర్ ప్రక్కన చేతితో ఊపిరి అందించే అంబు సంచి సిద్ధంగా ఉండాలి.

ఆ సంచి మహత్తును గురించి విద్యార్థులు తెలుసుకోవలసిన ఘట్టం ఒకటున్నది. 1952లో కోపెన్‌హేగెన్ నగరంలో పోలియో విజృంభించినప్పుడు అక్కడి బ్లెగ్డామ్ ఆసుపత్రిలో చాలినన్ని శ్వాసయంత్రాలు లేవు. డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు రబ్బరు సంచులను చేతులతో నొక్కి రోగులకు ఊపిరి పోశారు. ఆధునిక ఇంటెన్సివ్ కేర్‌కు అది నాంది అయింది. వారు మీ ఈడువారే.

ఉర్దూలో 'అమానత్' అనే చక్కని మాట ఉన్నది. నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు అని దాని అర్థం. ఊపిరిని మించిన అమానత్ మరొకటి లేదు. రేపు మీలో కొందరు నర్సులు, టెక్నీషియన్లు, ఇంజనీర్లు, అధికారులు కాబోతున్నారు. బల్ల మీద ఒక రీకాల్ కాగితం కనబడినప్పుడు దానిని ఫైలులో తోసివేయక, లేచి వార్డులోకి నడిచి, ఆ బ్యాటరీని స్వయంగా పరీక్షించండి. మీ చదువుకు అంతకంటె సార్థకత ఏముంటుంది?