కరువులో అడవి జంతువులకు 'మేత చెలక'.. రైతు చేను దక్కుతుందా? గుంపు ఊరి మీదకొస్తుందా?

తొలకరి పడింది. విత్తనం వేశారు. మొలక రెండాకులు వేసింది. అంతే.. వాన మొహం చాటేసింది. చుట్టూ ఎటు చూసినా ఎండిన గడ్డే. పచ్చగా ఉన్నది రైతు చేను ఒక్కటే. మరి అడవి పంది, నెమలి, కోతి ఎక్కడికి పోతాయి?

సంగారెడ్డి మండలం ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న బెల్ట్‌లో ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒకవైపు ఫ్యాక్టరీలు, వెంచర్లు. ఇంకోవైపు మంజీర. 1978లో ఏర్పాటైన మంజీర అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 20 చదరపు కిలోమీటర్లే. 2016 వేసవిలో సింగూరు, మంజీర రెండూ ఎండిపోయాయి. హైదరాబాద్‌కు ఇక్కడి నీళ్లు ఆగిపోతే కృష్ణా, గోదావరి నీళ్లతో సర్దుకున్నారు. జంతువులకు ఆ సౌకర్యం లేదు కదా! 2023 ఆగస్టు సంగతీ గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకోటి లేదు.

ఇప్పుడు చర్చలోకి వస్తున్న ఆలోచన ఒకటుంది. జంతువుల కోసమే విడిగా మేత చెలక పెంచడం. అమెరికాలో ఇది మామూలే. బొబ్బర్లు, జనుము, జొన్న లాంటి కవర్ క్రాప్స్ కలిపి చల్లి జింకల్ని రప్పిస్తారు. కానీ అక్కడ చాలామంది చేసేది వేట కోసం. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. మనకు కావాల్సింది జంతువుల్ని రప్పించడం కాదు, చేను దాకా రాకుండా ఆపడం.

అసలు కిటుకు టైమింగ్‌లో ఉంది. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో కృష్ణజింకలతో రైతులు పడే గోస చూడండి. లేత మొలకల్ని గుంపులుగా వచ్చి మేసేస్తాయి. రైతు మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ వేయాలి. అంటే రైతు చేను మొలవక ముందే ఇంకోచోట పచ్చదనం ఉండాలి. రెండు వారాలు ముందున్నా చాలు. వెనకబడితే మాత్రం అంతా దండగే.

వాన రాకముందే పచ్చదనం ఎలా వస్తుందంటారా? ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ దారి చూపించింది. అనంతపురం లాంటి కరువు జిల్లాలో కూడా వానాకాలానికి ముందే నవధాన్యాలు చల్లిస్తోంది. విత్తనాలకు బంకమట్టి, బీజామృతం, బూడిద పట్టించి గుళికల్లా చేస్తారు. అవి తొలి జల్లు దాకా పాడవకుండా ఉండి, కొద్దిపాటి తేమకే మొలకెత్తుతాయి. ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ కూడా వచ్చింది. అంతదూరం ఎందుకు, మన జిల్లాలోనే జహీరాబాద్ వైపు డీడీఎస్ సంఘాల మహిళలు ఒకే చెలకలో ఇరవై రకాల దాకా పంటలు కలిపి వేస్తారు. ఒకటి ఎండినా ఇంకోటి నిలబడుతుంది. వాళ్లకు 2019లో ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది. అయితే ఒకటి.. చినుకే పడకపోతే ఏ గుళికా మొలవదు. ఇది మంత్రం కాదు.

ఏ విత్తనం వేస్తారన్నది ఇంకా ముఖ్యం. కరువు పంట కదా అని జొన్న ఒక్కటే చల్లితే ముప్పే. నీళ్లందక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం పెరుగుతుంది. పూత రాకముందు మేసిన పశువులు గంటల్లో చనిపోయిన ఘటనలు పల్లెల్లో అందరికీ తెలుసు. నెమరేసే జింకకూ అదే ప్రమాదం. సజ్జలో ఆ బెడద లేదు. సజ్జ, ఉలవ, బొబ్బర్లు, పిల్లిపెసర కలిపితే మేతకు మేత, భూమికి బలం.

ఇక చెలక ఎక్కడ పెట్టాలి? ఊరి పక్కన మాత్రం వద్దు. 2025 ఏప్రిల్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్ క్యాంపస్‌లో చిరుత బోనులో పడింది. పచ్చటి చోటికి మేసే జంతువు వస్తే, దాని వెనకాలే తినే జంతువూ వస్తుంది. అందుకే అడవి అంచున, చేలకు దూరంగా ఉండాలి. పక్కనే నీళ్ల సాసర్ పిట్ ఉండాలి. ఉన్న సహజమైన గడ్డిని దున్నేసి ఈ పని చేస్తే మాత్రం ఉన్నదీ పోతుంది.

అడవి పందికి ఇది మందు కాదని కూడా చెప్పాలి. మక్క కంకి, పల్లీ కాయ వాసన తగిలాక దానికి బొబ్బరాకు ఆనుతుందా? పల్లి చుట్టూ కుసుమ, మక్క చుట్టూ ఆముదం వరుసలు వేయమంటున్నారు శాస్త్రవేత్తలు. పందుల్ని కాల్చేందుకు అనుమతిచ్చే అధికారం 2021లో సర్పంచులకు ఇచ్చారు. తుపాకీ ఎవరి దగ్గరుంది? ఊళ్లో అడిగితే నవ్వుతారు. కోతుల కోసమైతే అటవీ శాఖ పండ్ల మొక్కలతో ఫుడ్ కోర్టులు పెట్టింది. చెట్టు కాయడానికి ఏళ్లు పడుతుంది. చెలక పచ్చబడటానికి మూడు వారాలు చాలు.

ఖర్చు ఎవరిది? రైతు మీద వేస్తే ఒక్కరూ ముందుకు రారు. విత్తనం వ్యవసాయ శాఖ, స్థలం అటవీ శాఖ, కూలి ఉపాధి హామీ.. ఈ మూడూ కలిస్తేనే పని నడుస్తుంది. అదీ రోహిణి కార్తెలోపే విత్తనం భూమిలో పడాలి. టెండర్లు, ఫైళ్లు అంటూ మృగశిర దాటిస్తే, జంతువులు అప్పటికే రైతు చేనులో ఉంటాయి.