తెర వెనుకనుండి వినువారు

సంగీతనాటకమును చూచి యిల్లు చేరిన ప్రేక్షకురాలు నాయిక కంఠమును మెచ్చుకొనును. ఉడుపులను, దీపములను జ్ఞప్తియందుంచుకొనును. ఆ కంఠమును తన చెవిదాక చేర్చిన వారెవరని మాత్రము తలపోయదు. సోదరీమణులారా, ఈ నెల ఆ చేర్చువారిని గూర్చి వ్రాయుచున్నాను.

మన పద్యనాటకములయందు నటుడు మైకుకంబము చెంత నిలిచి రాగము తీయును. న్యూయార్కునందలి బ్రాడ్వేలోను, లండనునందలి వెస్టెండులోను సంగీతనాటకములాడు వారికి ఆ సావకాశము లేదు. పరుగిడుచు, నృత్యము సల్పుచు పాడవలెను. కావున ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వయర్‌లెస్ మైకును తొడుగుదురు. అగ్గిపుల్ల తలయంతటి మైకును నుదుటిపై వెండ్రుకలు మొదలగుచోట క్లిప్పులతో బిగింతురు. దాని తీగె విగ్గు క్రిందుగా వీపువైపు దిగి, నడుమునకు కట్టిన గుడ్డసంచిలోని ప్రసారయంత్రమును చేరును.

దీనికి పరమశత్రువు చెమట. ఒక్క బొట్టు మైకు రంధ్రమును మూసెనా, కంఠము నీటమునిగినట్లగును. అందువలన తెర వెనుక నొకతె చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని ఒక్కొక్క మైకునే వినుచుండును. చెడినది పసిగట్టి, నటి ఉడుపులు మార్చుకొనుటకు వచ్చిన అరనిమిషములో, మసకవెలుతురున తుడిచియో మార్చియో పంపవలెను. ఆమె చేతివ్రేళ్ల నేర్పు పూలజడ కుట్టు వారి నేర్పునకు తీసిపోదని నా తలంపు.

ప్రేక్షకుల వెనుక కూర్చుండి శబ్దమును నడుపు వారి పని మరియొక తీరు. అన్ని మైకులను తెరచియుంచిన గందరగోళమే కాన, మాటలాడువారి మైకునే పంక్తి వెంట పంక్తిగా పైకెత్తుచుందురు. నాటకమంతయు కంఠస్థము కానిదే యిది సాగదు. ప్రేమికులు కౌగిలించుకొన్నప్పుడు ఒకరి మాట ఇద్దరి మైకులలోను రవ్వంత ముందువెనుకలుగా పడి డొల్లగా వినవచ్చును. అప్పుడొక మైకును తగ్గించి, రెండవదానితోనే ఇద్దరి పలుకులను నడపుట కలదు.

ఒక్కొక్క మైకునకు వేరు తరంగము కావలెను. ఆ తరంగములకును నేడు గిరాకి హెచ్చినది. అమెరికాలో 2010 జూను 12న 700 మెగాహెర్ట్జుల పట్టీని, 2020 జూలై 13న 600 మెగాహెర్ట్జుల పట్టీలో చాలభాగమును నాటకశాలలు విడువవలసివచ్చెను. సెల్‌ఫోను కంపెనీలకు ఆ చోటు కావలసెను!

యంత్రముల మాట యటులుండ, నాకు ముఖ్యముగా తోచునది వేరు. మైకు తొడుగుటయనగా పరుల తలవెండ్రుకలలోనికిని, ఒక్కొక్కప్పుడు లోదుస్తులలోనికిని చేయి పోనిచ్చుట. ఎంత పరిచయమున్నను ముందు అడుగవలెను. చేయి ఎచటికి పోవుచున్నదో చెప్పవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు, ఆ వృత్తికి ప్రాణము. మరియు వేదిక దిగిన నటి మైకు ప్రేక్షకులకు మూతపడినను హెడ్‌ఫోనులకు మూతపడదు. ఆమె నిట్టూర్పు, భర్తపై విసుగు, కన్నీరు అన్నియు ఆ చెవిని చేరును. అవి అచటనే ఆగిపోవలెను. ఆగవని శంక కలిగిన నాడు, ఏ నటియు ఆ చేతికి తన తలనొప్పగింపదు.

ఈ విద్యకు గౌరవము ఆలస్యముగ వచ్చి, వచ్చియు నిలువలేదు. ధ్వనిరూపకల్పనకు టోనీ బహుమతి నిచ్చుట 2008లో మొదలిడి, 2014లో మానివేసిరి. వేలకొలది జనులు విన్నపముపై సంతకములు చేసిరి. 2017–18 నాటకవత్సరమునుండి మరల నిచ్చుచున్నారు. 2019లో ‘హేడ్స్‌టౌన్’ అను సంగీతనాటకమునకు నెవిన్ స్టెయిన్‌బర్గ్‌తో పాటు జెస్సికా పాజ్ అను నామె దీనిని గైకొనెను. సంగీతనాటక ధ్వనికై ఈ బహుమతి పొందిన మొదటి స్త్రీ యామెయే.

అయినను అది రూపకర్తలకిచ్చు బహుమతి. చెమట తుడుచు వారి వంతు వచ్చుట నేను వినలేదు. వారమునకు ఎనిమిది ప్రదర్శనలు. ఆట ముగిసి ప్రేక్షకులు లేచిన పిమ్మట, వారు మైకులను లెక్కపెట్టి, తుడిచి, బ్యాటరీలు తీసి, మరునాటికై వరుసగా వ్రేలాడదీయుచుందురు.