తక్కెడ లేకుండా ఏడు గ్రహాల తూకం

కిలో కందిపప్పు తూచాలంటే తక్కెడ కావాలి. మరి 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్రహాన్ని తూచాలంటే? గడియారం ఉంటే చాలంటున్నారు ఖగోళ శాస్త్రవేత్తలు!

కుంభరాశి దిక్కున ట్రాపిస్ట్-1 అనే చిన్న నక్షత్రం ఉంది. సూర్యుడి బరువులో దీనిది 9 శాతమే. దీని చుట్టూ మూడు గ్రహాలున్నాయని 2016లో బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. 2017కల్లా ఆ లెక్క ఏడుకు చేరింది.

ఇవేవీ నేరుగా కనిపించవు. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా సాగిపోవడం మన దేశంలో ఎంతోమంది చూశారు. ఇదీ అలాంటిదే. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు ఒక శాతం లోపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూస్తే గ్రహం సైజు తెలుస్తుంది. ఎన్ని రోజులకోసారి తగ్గుతోందో చూస్తే దాని 'ఏడాది' తెలుస్తుంది. అన్నిటికన్నా లోపలి గ్రహానికి ఏడాదంటే ఒకటిన్నర రోజే! చివరిదానికి దాదాపు 19 రోజులు. దీన్నిబట్టి కెప్లర్ సూత్రంతో కక్ష్య దూరం లెక్కకడతారు. మన బుధుడి కక్ష్యలోనే ఈ ఏడూ ఇమిడిపోతాయి.

మరి బరువు? అసలు తమాషా ఇక్కడే ఉంది. గ్రహం ఒంటరిదైతే ఠంచనుగా వేళకు వస్తుంది. కానీ ఇరుగుపొరుగు గ్రహాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. దాంతో ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా వస్తాయి. పొరుగు గ్రహం ఎంత బరువైతే తేడా అంత ఎక్కువ. స్పిట్జర్ టెలిస్కోపు, మరికొన్ని టెలిస్కోపులు ఏళ్ల తరబడి రాసిపెట్టిన ఈ వేళల నుంచే 2021లో ఏడు గ్రహాల బరువులూ తేల్చారు. తప్పుకు అవకాశం 3 నుంచి 5 శాతమే.

బరువు, సైజు తెలిస్తే సాంద్రత తెలుస్తుంది. అలా చూస్తే ఏడూ రాతి గ్రహాలే. అయితే భూమి కన్నా సాంద్రత కాస్త తక్కువ. ఇనుము తక్కువ ఉండటమో, అది తుప్పు పట్టి ఉండటమో, నీరు ఉండటమో కారణం కావచ్చు.

బరువు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, గాలిని పట్టి ఉంచేది అదే. భూమి బరువులో పదో వంతు ఉన్న అంగారకుడు తన గాలిని చాలావరకు పోగొట్టుకున్నాడు. ట్రాపిస్ట్ కుటుంబంలో నాలుగో గ్రహం నీరు నిలవడానికి అనువైన దూరంలో తిరుగుతోంది. దాని బరువు భూమిలో 69 శాతం. అక్కడ గాలి ఉందా? 2023 నుంచి జేమ్స్ వెబ్ టెలిస్కోపు వెతుకుతున్నది దాన్నే!