బుల్లి ట్రాన్స్‌మిటర్‌కు ఇంత పెద్ద శిక్షా?

1933లో హైదరాబాద్‌లోని చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే తంతి-తపాలా ఉద్యోగి 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంత రేడియో కేంద్రం పెట్టాడు. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. దక్కన్ రేడియో అలా మొదలైంది. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు నిజాం సంస్థానంలోని జిల్లాలే.

ఇప్పుడు కరీంనగర్ కుర్రాడెవరైనా ఆ 200 వాట్లలో రెండువేలో వంతు శక్తితో, అంటే 100 మిల్లీవాట్లతో, ఏఎం ట్రాన్స్‌మిటర్ కట్టి ప్రసారం చేస్తే? అనుమతి లేని టెలికాం సేవకు 2023 నాటి చట్టం మూడేళ్ల దాకా జైలు లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ రాసిపెట్టింది.

ఇంతకీ ఆ యంత్రం ఎంత? ఒక మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్, చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్, బ్యాటరీ, మూడు మీటర్ల తీగ. ఫోన్‌లోని పాట ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్లి ఆసిలేటర్‌కు అందే కరెంటును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పక్క గదిలో పాత రేడియో ముల్లును 1000 దగ్గరికి తిప్పితే అదే పాట వినిపిస్తుంది. మాడ్యులేషన్ అంటే ఏమిటో పిల్లలకు ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం.

అలాగని ఎవరికి వారు కట్టి అమ్ముకోవచ్చనడం కుదరదు. ఫిల్టర్ లేని ఆసిలేటర్ 2000, 3000 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా కూస్తుంది. శక్తి పెంచి, తీగ పొడిగిస్తే ఇతరుల ప్రసారాలకు అడ్డు తగులుతుంది. చట్టం సంగతి దాచి, ఊరంతా వినిపిస్తుందని ఊరించి అమ్మేవాడు కొన్నవాడినే ఇరికిస్తాడు.

అమెరికా మధ్యేమార్గం పట్టింది. మీడియం వేవ్‌లో 100 మిల్లీవాట్లు, మూడు మీటర్ల యాంటెన్నా దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. సొంతానికి ఐదు దాకా కట్టుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ధ్రువీకరణ కావాలి.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2002లో ఓర్వకల్లు మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టిన ‘మన రేడియో’ కొద్ది నెలలకే మూతపడింది. మాచ్‌నూర్‌లో సంఘం రేడియోకు 2008 దాకా ఆగాల్సి వచ్చింది. నేటికీ కమ్యూనిటీ రేడియో అనుమతి సంస్థలకే తప్ప వ్యక్తులకు లేదు.

వైఫైకి లైసెన్సు ఎత్తేసిన కేంద్రం, బడి ప్రాంగణం దాటని ఏఎంకూ ఆ వెసులుబాటు ఇవ్వాలి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు బడిలో గోండి పాఠం పక్క తరగతి రేడియోలో వినిపిస్తే దేశభద్రతకు వచ్చే ముప్పేమీ లేదు. అప్పటిదాకా ఇలాంటి ట్రాన్స్‌మిటర్ కిట్ కొనేవారు, అమ్మేవాడిని ముందుగా అనుమతి కాగితం చూపించమని అడగాలి.