చూడొద్దు అనకండి... చెప్పి వెళ్లమనండి!

పోయిన వారం ఊరగాయల ముచ్చట పెట్టుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి కాస్త బయటికి వద్దాం. ఇప్పుడు మన వరంగల్, హనుమకొండల్లో ఏ వీధిలో చూసినా నాలుగిళ్లకొక పిల్లో పిల్లాడో పై దేశంలో చదువుతున్నారు. వాళ్ల అమ్మ కనబడితే చాలు, "ఏం చదువు? ఫీజెంత? వంట చేసుకుంటుందా?" అని అడుగుతాం. "సెలవు దొరికితే ఎక్కడెక్కడికి వెళ్తోంది?" అని మాత్రం అడగం. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలాగో చెప్తాను, వినండి.

మా పెద్దమ్మాయి 2023 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు వెళ్లింది. ఏడాది ఎమ్మెస్సీ. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాం. సకినాలు, కారప్పొడి, చింతపండు గుజ్జు సర్ది పెట్టాను. (పాలకోవా, నెయ్యి పెట్టకండి. పాలతో చేసినవి ఆ దేశంలోకి రానివ్వరు.) శంషాబాద్ విమానాశ్రయంలో అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదు. చెయ్యి పట్టుకుని ఒక్కటే చెప్పాను. "బిడ్డా, అప్పు చేసి పంపుతున్నం. చదువు మీదనే ధ్యాస పెట్టు, తిరుగుళ్లు పెట్టుకోకు." అది బుద్ధిగా తలూపింది.

మొదటి నెలంతా రోజూ ఫోనే. ఒక ఆదివారం సంబరంగా చెప్పింది. "అమ్మా, ఇక్కడ కెల్విన్‌గ్రోవ్ అని పెద్ద మ్యూజియం ఉంది. టికెట్టే లేదు! ఒక హాల్ల నిజమైన ఏనుగును చర్మం పాడుకాకుండ నిలబెట్టిన్రు. దాని మీద పాత యుద్ధ విమానం వేలాడదీసిన్రు." ఇంకో సంగతి కూడా చెప్పింది. 1905లో హైదరాబాద్ నిజాం గారి ఖజానా నుంచి దొంగతనంగా బయటికి పోయిన ఒక కత్తి ఆ ఊరి మ్యూజియంల సొత్తులో చేరిందట. ఉత్తరాది గుళ్ల నుంచి పోయిన మరో ఆరు వస్తువులతో పాటు దాన్ని తిరిగి ఇచ్చేస్తామని 2022 ఆగస్టులో మన దేశంతో రాసుకున్నారట. ఆ కాగితాల మీద సంతకాలు జరిగింది ఈ కెల్విన్‌గ్రోవ్‌లోనే.

నేనేమన్నానో తెలుసా? "కత్తి సంగతి తర్వాత చూద్దాం గానీ, అసైన్‌మెంట్ అయిందా?"

అక్టోబరులో స్నేహితులతో ఎడిన్‌బరో వెళ్లింది. అక్కడ కోట నల్లటి అగ్నిపర్వతపు బండ మీద కూర్చుని ఉంటుంది. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ కోట మీద ఫిరంగి పేలుస్తారు. పూర్వం ఓడల వాళ్లు గడియారం సరిచూసుకోవడానికి పెట్టిన పద్ధతి. తెలియక ఆ చప్పుడుకి మా అమ్మాయి చేతిలోని పులిహోర డబ్బా కింద పడేసుకుందట. కోట లోపలికి టికెట్ ఎక్కువని, ఊళ్లోనే ఉన్న ఆర్థర్స్ సీట్ అనే గుట్ట ఎక్కారు. 251 మీటర్లు. "మన ఊరు ఏకశిలా నగరం కదమ్మా, ఇదీ అట్లనే ఉంది. నాకు పద్మాక్షి గుట్ట యాదికొచ్చింది" అని ఫొటోలు పంపింది.

నేను ఫొటోలు చూడలేదు, బస్సు చార్జీ అడిగాను. చెప్పింది. దాన్ని రూపాయల్లోకి మార్చాను. ఇక చూస్కోండి, అరగంట తిట్టాను.

ఆ తర్వాత ఫొటోలు రావడం ఆగిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా "రూంలనే ఉన్ననమ్మా, చదువుకుంటున్న" అనేది. పిల్ల దారిలో పడిందని మా వారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

2024 ఏప్రిల్. శ్రీరామనవమి వెళ్లి ఒకటి రెండు రోజులే అయింది. పానకం బిందె తోమి బోర్లించి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. టీవీలో కింద అక్షరాలు పోతున్నాయి. స్కాట్లాండ్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థుల మృతి. నలుగురు స్నేహితులు కలిసి పిట్లోక్రీ ఊరి దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం చూడటానికి వెళ్లారు. రెండు నదులు కలిసే చోటు. ఇద్దరు నీళ్లలో పడి మునిగిపోయారు. నవమి నాటి సాయంత్రమే జరిగిందట.

అది గ్లాస్గోకు చాలా దూరం. పైగా చనిపోయింది మగపిల్లలు. కానీ తల్లి మనసుకు ఆ లెక్కలు తెలుస్తాయా? ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పది సార్లు చేశాను. అప్పుడు నాకు తట్టింది, దాని స్నేహితురాళ్ల నంబరు నా దగ్గర ఒక్కటీ లేదు. రూంలో ఎవరుంటారో పేర్లు కూడా సరిగా తెలియదు. కంచంలో అన్నం అట్లాగే ఎండిపోయింది. సాయంత్రం నాలుగింటికి అదే ఫోన్ చేసింది. ఉదయం పూట ఒక దుకాణంలో పని, ఫోన్ లాకర్లో పెట్టిందట. (అక్కడ చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ సంపాదనతోనే తిండి గడుపుకునేది.)

నా ఏడుపు విని కాసేపు అది మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "అమ్మా, ఒక మాట చెప్త. తిట్టవు కదా?"

అప్పుడు బయటపడింది. పోయిన నవంబరులో, నాతో "రూంలనే ఉన్న" అన్న ఒక శనివారం, అది లాక్ లోమండ్ అనే పెద్ద సరస్సు ఒడ్డున ఒక కొండ మీద ఉంది. కొండ పేరు కోనిక్ హిల్, 361 మీటర్లు. ముగ్గురు ఆడపిల్లలు. ఎక్కడం బాగానే ఎక్కారు. పైన పొగమంచు కమ్మేసింది. నవంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుందని తెలుసు గానీ, దిగడానికి అంతసేపు పడుతుందని తెలియదు. మామూలు కాన్వాసు బూట్లు. బురదలో జారి ఒకమ్మాయి మడమ బెణికింది. చలికి ఫోన్ల చార్జింగ్ చకచకా పడిపోయింది. కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ముసలి దంపతులు టార్చి వెలుగులో వీళ్లను కిందికి దింపి, బస్టాపు దాకా తోడొచ్చారట. ఆ ఇద్దరూ ఎదురుపడకపోతే?

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే తిడుతవు కదమ్మా. చెప్పకుంట పోతే నువ్వు నిమ్మళంగ ఉంటవు అనుకున్న."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. 1997లో, నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. కాలేజీ వాళ్లు నాగార్జునసాగర్ విహారయాత్రకు తీసుకెళ్తామన్నారు. డ్యామ్, ఎత్తిపోతల, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం. మా నాన్న ఒక్క మాటతో తేల్చేశారు. "చదువుకోనీకి పంపుతున్ననా, తిరుగనీకి పంపుతున్ననా?" నేను వెళ్లలేదు. నా పక్క బెంచీ పిల్ల మాత్రం అమ్మమ్మ ఊరికి పోతున్నానని ఇంట్లో చెప్పి సాగర్ వెళ్లొచ్చింది. నెల రోజులు లాంచీ కబుర్లు చెప్పింది, నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ లాంచీకి ఏమన్నా అయ్యుంటే, వాళ్లింట్లో వాళ్లు పిల్ల కోసం అమ్మమ్మ ఊళ్లో వెతికేవాళ్లు!

నేను సాగర్ చూసింది ఇద్దరు పిల్లల తల్లినయ్యాక. మరి మా నాన్న మాటే ముక్క పొల్లు పోకుండా నా బిడ్డతో అన్నానా, లేదా? వద్దన్నందుకు నేను ఆగిపోయాను. నా కూతురు ఆగలేదు, చెప్పడం మానేసింది. అదే ఎక్కువ ప్రమాదం కాదా? మీరే చెప్పండి.

మర్నాడు ఫోన్‌లో ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. మీ పిల్లలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఒకటి. ఎక్కడికి వెళ్లినా ముందు రోజే చెప్పాలి. ఎవరితో, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తారు, అన్నీ. తోడొచ్చే వాళ్లలో ఇద్దరి నంబర్లు నా దగ్గర ఉండాలి. చెప్పినందుకు నేను తిట్టకూడదు. ఈ చివరిదే నాకు కష్టమైంది, ఒప్పుకుంటున్నాను!

రెండు. కొండకైతే పొద్దున్నే బయల్దేరాలి. పొద్దు ఎప్పుడు గూకుతుందో, చివరి బస్సు ఎప్పుడో చూసుకుని, సగం దారిలో ఉన్నా సరే, వేళకు వెనక్కి తిరగాలి. పట్టు ఉండే బూట్లు, వాన కోటు, టార్చి, ఈల, ఫోన్‌కి అదనపు బ్యాటరీ. దారి తప్పితే ఈల ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు ఊదాలి. అక్కడ ఆపదకు గుర్తు అదే. 999కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేవాళ్లు స్వచ్ఛంద సేవకులు, పైసా తీసుకోరు. డబ్బు అడుగుతారేమోనని భయపడి ఆలస్యం చేయకూడదు.

మూడు. నీళ్లు. ఇది పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. మన లక్నవరం, పాకాల చెరువుల్లాంటి నీళ్లు కావవి. ఎండ కాసినా నీళ్లు మంచులా ఉంటాయి. పడగానే చలికి ఊపిరి ఒక్కసారి ఎగబీలుస్తుంది, అప్పుడే నీళ్లు లోపలికి పోతాయి. ఈత బాగా వచ్చిన వాళ్లూ మునిగేది అందుకే. ఫొటో కోసం తడి బండల అంచుకు పోవద్దు. పొరపాటున పడితే, కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉండేట్టు వెల్లకిలా తేలాలి. ఊపిరి సర్దుకున్నాకే అరవడమైనా, ఈదడమైనా. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. చున్నీయో తాడో కర్రో అందించి, 999కి ఫోన్ చేయాలి.

నాలుగు. డబ్బు. మనం పోపుల డబ్బాలో దాచుకున్నట్టు, నెలకింత అని చూడ్డానికే తీసి పెట్టుకోవడం. ఆ దేశంలో పెద్ద మ్యూజియంలు చాలావాటికి టికెట్టే లేదు. రైళ్లలో విద్యార్థులకు కార్డు ఉంటే చార్జీలో మూడో వంతు తగ్గుతుంది. చేతిలో పులిహోర ఉంటే హోటల్ ఖర్చూ తప్పుతుంది.

ఆ ఎండాకాలం అది లండన్ వెళ్లింది. ఈసారి బస్సు ఎక్కిన దగ్గర్నుంచి నాకు తెలుసు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్లు ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర తవ్వించినవి, 1859లో లండన్ చేరాయి. ఆ రాళ్ల మీది ఆడవాళ్ల కడియాలు, వడ్డాణాలు ఒక్కొక్కటే ఫోన్‌లో చూపిస్తుంటే, స్టవ్ మీది పప్పు మాడినా నేను లేవలేదు.

మర్నాడు లండన్ టవర్. టికెట్ మన డబ్బుల్లో మూడు వేలు పైనే. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. కోహినూరు అక్కడే ఉంది కదా! మన భద్రకాళి అమ్మవారి కంటిలో ఉండేదని మన పెద్దలు చెప్పుకుంటారు. అది చెప్పుకునే కథే, రాతలో రుజువు లేదు. 1849లో లాహోర్ ఒప్పందం పేరుతో పదేళ్ల పసి మహారాజు దులీప్ సింగ్ దగ్గర తీసుకున్నారు. 186 క్యారెట్లు ఉన్నదాన్ని 1852లో సానబట్టి 105కి దించారు. 1937లో చేసిన రాణిగారి కిరీటంలో పెట్టారు. అక్కడ ఫొటో తీయనివ్వరు. నిలబడి చూద్దామన్నా, కాళ్ల కింద నడిచే పట్టా ముందుకు లాక్కుపోతుంది. మా అమ్మాయి వెనక్కి వచ్చి మూడుసార్లు ఎక్కిందట. బయటికి రాగానే ఫోన్ చేసింది. "అమ్మా, ఇంతేనా అనిపించింది. కోడిగుడ్డంత కూడా లేదు. కానీ ఎందుకో ఏడుపొచ్చింది." నాకూ వచ్చింది. డబ్బు గురించి ఇద్దరం మాట్లాడలేదు.

ఇప్పుడు అది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ బ్యాంకు వాయిదాలు కడుతోంది. కొండలో జరిగింది, లండన్‌లో చూసింది, అన్నీ ఇప్పటికీ చెప్తూనే ఉంటుంది. అప్పు తీరుతుంది. కానీ బిడ్డ మనకు చెప్పడం మానేస్తే, ఆ లోటు తీరేది కాదు.

పోయిన నెల మా వీధి ఆడవాళ్లం ఆరుగురం బస్సెక్కి రామప్పకు వెళ్లాం. 1213లో కట్టిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దేశదేశాల నుంచి వచ్చి చూస్తుంటే, ఇంత దగ్గర ఉండి మేం తీరిగ్గా చూసింది ఇప్పుడే. బయల్దేరే ముందు రోజు అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరెవరు పోతున్నరు? ఇద్దరి నంబర్లు పంపు. వాపసు బస్సు ఎన్నింటికి? చెరువు కట్ట దగ్గర ఫొటోలని అంచుకు పోకున్రి" అంది.

సరేనన్నాను. నంబర్లు పంపాను. చీకటి పడకముందే ఇల్లు చేరి, మళ్లీ ఫోన్ చేశాను.