మొత్తం 505050 రూపాయలు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మూడు పాత పుస్తకాలు కొన్నాను. ఒక్కోటి 50 రూపాయలు. రూమ్‌కి వచ్చాక ఖర్చు రాసుకుందామని పైథాన్‌లో నాలుగు లైన్లు కొట్టా. ఇన్‌పుట్‌తో ధర తీసుకుని, 3తో గుణించి, ఎఫ్-స్ట్రింగ్‌లో పెట్టి ప్రింట్ చేస్తే మొత్తం 505050 రూపాయలని వచ్చింది.

నవ్వకండి, మీలో చాలామందికి ఫస్టియర్‌లో ఇదే వచ్చి ఉంటుంది. ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. స్ట్రింగ్‌ని 3తో గుణిస్తే పైథాన్ దాన్ని మూడుసార్లు పక్కపక్కన పేరుస్తుంది. ఎఫ్-స్ట్రింగ్ ఒక్క మాట కూడా అనకుండా దాన్నే ప్రింట్ చేసేసింది.

నా గొడవ ఇక్కడే. ల్యాబ్‌లో పేరుకీ వయసుకీ మధ్య ప్లస్ పెడితే టైప్ ఎర్రర్ వస్తుంది. "ఎఫ్-స్ట్రింగ్ వాడు, పోతుంది" అంటారు. పోతుంది నిజమే. దాంతోపాటు అసలు ఎందుకొచ్చిందో తెలుసుకునే అవకాశం కూడా పోతుంది.

ఎఫ్-స్ట్రింగ్ 2016లో పైథాన్ 3.6తో వచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్న పర్సెంట్ డీ, పర్సెంట్ ఎస్ పద్ధతి సి నుంచి తెచ్చుకున్నది. పర్సెంట్ డీ రాశామంటే ఇక్కడికి సంఖ్యే వస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. స్ట్రింగ్ ఇస్తే పైథాన్ అక్కడే ఆగిపోతుంది. (సి ఆగదు. మహా అయితే కంపైలర్ ఒక వార్నింగ్ ఇస్తుంది, తర్వాత ఏదో చెత్త నంబర్ కనిపిస్తుంది.) ఎఫ్-స్ట్రింగ్‌లోనూ కర్లీ బ్రాకెట్ల లోపల పేరు తర్వాత కోలన్, డీ పెట్టొచ్చు. రెండే క్యారెక్టర్లు. పెట్టి ఉంటే నా 505050 బదులు వాల్యూ ఎర్రర్ వచ్చేది.

అలాగని అంకెలు కనిపించిన ప్రతిదీ ఇంట్ చేసేయకూడదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ షాపుల బోర్డులు చూడండి. ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 040 ఉంటుంది. ఆ స్ట్రింగ్‌ని ఇంట్‌గా మారిస్తే 40 మిగులుతుంది. సిలో 040 అని నేరుగా రాసి పర్సెంట్ డీతో ప్రింట్ చేస్తే ఏకంగా 32 వస్తుంది, ముందు సున్నా ఉంటే ఆక్టల్ అనుకుంటుంది కాబట్టి. స్పెషల్ రైళ్ల నంబర్లూ సున్నాతోనే మొదలవుతాయి. ఇంట్‌లో పెడితే ఐదంకెల బండి నాలుగంకెల బండి అయిపోతుంది.

స్టేషన్ అనౌన్స్‌మెంట్‌కి ఈ తేడా బాగా తెలుసు. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబర్ 12728ని పన్నెండు వేల ఏడువందల ఇరవై ఎనిమిది అనదు, ఒక్కో అంకె విడిగా చదువుతుంది. అదే బండి 45 నిమిషాలు లేటైతే నాలుగు, ఐదు అనదు, నలభై ఐదు అంటుంది.

ఫస్టియర్ ల్యాబ్‌లో హలో వరల్డ్ తర్వాత ఈ అనౌన్స్‌మెంట్ రాయించాలి. బండి నంబర్, పేరు, ప్లాట్‌ఫామ్, లేటు నిమిషాలు. కీబోర్డ్ ముట్టుకునే ముందు ఏది స్ట్రింగో, ఏది ఇంటో ప్రతి ఒక్కరూ రికార్డ్ బుక్‌లో రాయాలి, ఎందుకో కూడా. ప్లాట్‌ఫామ్ నంబర్ దగ్గర క్లాసంతా కొట్టుకుంటారని నా అనుమానం.