ఒప్పుకోలుపై తీర్పు

బాకీ యున్నమాట నిజమని ప్రతివాది తానే యొప్పుకొన్న పిమ్మట నింక సాక్షుల విచారణ మేల యని వర్తకులు తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 12వ ఆర్డరు 6వ రూలు ఇందుకొఱకే పుట్టినది. జవాబుదావాలో గాని, వెలుపల నోటిమాటగా గాని, వ్రాతమూలమున గాని ప్రతివాది యొప్పుకొన్నంత మేరకు, తక్కిన వివాదము తేలువఱకు వేచియుండక కోర్టు తీర్పు చెప్పవచ్చును. 1976 నాటి సవరణముతో, ఎవరును దరఖాస్తు పెట్టకున్నను కోర్టు తనంతట తానే యీ పని చేయుటకు వీలు కలిగినది.

ఈ రూలు పట్టణముల కంపెనీలకు మాత్రమే సంబంధించినదని మన పల్నాటివారు తలంపరాదు. రెంటచింతలలో పత్తికి విత్తనములు, మిరపకు మందులు అరువు తెచ్చిన రైతు ఊరి కొట్టుకు బాకీ. కొట్టు యజమాని గుంటూరు టోకు వర్తకునికి బాకీ. అతడు కంపెనీకి బాకీ. ఒక్క యేడు మిరప ధర పడిపోయినచో నీ గొలుసు మొత్తము కోర్టు మెట్లెక్కును. అప్పుడు దావా యేండ్ల తరబడి సాగెనా, చిన్న కొట్టు మూతబడును. కావున త్వరగా తీర్పు వచ్చుట మంచిదే. మేము దానికి విరోధులము గాము.

అయితే ఒప్పుకోలనగా నేమి? 2000లో ఉత్తమ్ సింగ్ దుగ్గల్ కంపెనీ వ్యాజ్యమున, డైరెక్టర్ల సమావేశములో బాకీ నంగీకరించి బ్యాంకికి పంపిన కాగితముల ఆధారముగా నిచ్చిన డిక్రీని సుప్రీముకోర్టు నిలిపెను. 2011లో హిమానీ అల్లాయ్స్, టాటా స్టీల్ కంపెనీల వ్యాజ్యమునను ఆధారము సమావేశపు మినిట్సే. కాని యక్కడ డిక్రీని రద్దుచేసి, ఒప్పుకోలు స్పష్టముగను, తెలిసియు, ఉద్దేశపూర్వకముగను చేసినదై యుండవలెననియు, రూలు విధి కాదు, కోర్టు విచక్షణకు విడిచినదనియు చెప్పెను. రెంటను కాగితములు కాగితములే. వ్రాసినవాడేమి తెలిసి వ్రాసెనన్నదే భేదము.

ఈ భేదమును మన యూళ్ల కాగితములపై పెట్టి చూతము. మార్చి 31 వచ్చునప్పటికి, ఆడిటు కొఱకని చెప్పి, బాకీ మొత్తము వేసిన పత్రముపై కొట్టువాని దస్కతు పుచ్చుకొందురు. తిప్పి పంపిన సరకు, రావలసిన డిస్కౌంటు అందులో నుండవు. రైతు సంగతి యింకను దుర్బలము. మూడేండ్లు నిండకముందు నోటు వెనుక కొద్దిపాటి చెల్లు వ్రాయించి దస్కతు పెట్టింతురు. లేదా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగవ్రాయుదురు. ఆ దస్కతు కాలదోషమును తప్పించుట కక్కఱకు వచ్చును సరే. అందలి ప్రతి రూపాయిని అతడు లెక్క చూచి యొప్పుకొన్నాడనుట యెట్లు? 1938లో మద్రాసు శాసనసభ చేసిన రైతుల ఋణ విమోచన చట్టము నాటి పాత బాకీల విషయమున తిరగవ్రాసిన పత్రముల వెనుకకు పోయి, మొదట చేతికిచ్చిన అసలునే అసలుగా నెంచుమనెను. ఆనాటి శాసనకర్తలకు మన నోట్ల సంగతి బాగుగనే తెలియును!

మఱియొక చిక్కు గలదు. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టము మొదట కోటి రూపాయలకు తగ్గని వ్యవహారములకు వర్తించెడిది. 2018లో ఆ హద్దు 3 లక్షలకు దిగెను. ఆ చట్టము క్రింద దావాలోని సంగతిని కాదన్నవాడు ఎందులకు కాదో చెప్పవలెను. చెప్పనిచో నొప్పుకొన్నట్లు ఎంచవచ్చును. "దావాలోని సంగతులన్నియు అబద్ధము" అని యొక్క వాక్యముతో జవాబుదావా ముగించు మా సోదర ప్లీడర్ల అలవాటు ఇకమీదట కక్షిదారుని కొంప ముంచగలదు. అసలెంత, ముట్టినదెంత, వడ్డీ యేరేటున కాదనుచున్నాడో అంకెలతో వ్రాయవలెను.

కోర్టుల నుండి మేము కోరునది యిది. ఒప్పుకొన్న అసలుకు నేడే డిక్రీ యిండు. కాదన్న వడ్డీకిని, చూపని చెల్లులకును విచారణ జరుపుడు. రూలులోనే యా వీలున్నది. ఇక వర్తకులు, దస్కతు పుచ్చుకొను దినముననే పూర్తి ఖాతా నకలు తెలుగులో వ్రాసి బాకీదారుని చేతికిచ్చి, అందినట్లు వేరుగా వ్రాయించుకొనవలెను. అట్టి కాగితము గల వాది విచారణకు వెఱవ నక్కఱలేదు.